మర్రిగూడ తాత మడిమ

నల్లగొండలో మా వృద్ధాశ్రమానికి ఇన్‌ఛార్జినై ఇయ్యాళ్టికి ఏడాది. మొదట్ల చార్టు రాసి గోడకు అతికిస్తే పని అయితదనుకున్న. మంచం పట్టినోళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలె, లేకపోతే నడుముకు, మడిమలకు పుండ్లు పడతయి. చార్టు నిండా టిక్కులే. అయినా మర్రిగూడ తాత మడిమ ఎర్రబడ్డది.

ఆ రాత్రి నేనే డ్యూటీల కూసున్న. ఏండ్లకేండ్లు ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాత వెన్ను కట్టెలెక్క బిగుసుకపోయింది. ఒక్కరితోని తిప్పుడు కాదు. రాత్రి ఉండేది ఒక్క ఆయమ్మ. "ఎవరికి చెప్పాలె మేడం? చెప్తే పని చాతగాదంటరు" అన్నది. ఆ మాట ఇంకా గుచ్చుతనే ఉంది. అట్ల భయపడేటట్టు చేసింది నేనే కదా.

తెల్లారే ఇంకో మనిషిని రాత్రి డ్యూటీకి మార్చిన. ఇప్పుడు డ్యూటీ మారేటప్పుడు మంచాల దగ్గర్నే నిలబడి పది నిమిషాలు మాట్లాడుకుంటం. ముందు ఆయమ్మలు చెప్పాలె, తర్వాతనే నర్సులు, ఆఖరికి నేను. తాత ఏ పక్కకు తిప్పితే మూలుగుతడో ఆమెకే ఎరుక. పిక్కల కింద మెత్త పెట్టి, మడిమ పరుపుకు తాకకుండ చేద్దామన్నది గూడ ఆమెనే.

నిన్న పొద్దుగాల చూసిన. ఎరుపు పోయింది. తాత చాయ్ అడిగిండు.