నా అనుభవం: బెజవాడలో ఫెల్ట్ టోపీని కాపాడుకోవడం

జుట్టు పల్చబడ్డాక పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తుంటే మంచు నేరుగా మాడుకే తగలడం మొదలైంది. మంకీ క్యాప్ పెట్టుకుంటే నాకు ఊపిరాడదు, మఫ్లర్ చుట్టుకుంటే మా మనవరాలు నవ్వుతుంది. ఈ గోలంతా ఫోన్లో విని, ఆస్ట్రేలియాలో ఉంటున్న మా అబ్బాయి అక్కడి అకుబ్రా కంపెనీ టోపీ ఒకటి పంపించాడు. కుందేలు బొచ్చుతో చేసిన ఫెల్ట్, లేత గోధుమ రంగు, చుట్టూ ముదురు రంగు రిబ్బను. బాగానే ఉన్నారని మా ఆవిడ ఒప్పుకుంది గానీ, ధర తెలిశాక "దీన్ని బీరువాలో పెట్టి దణ్ణం పెట్టుకోండి" అంది. నేను మాత్రం రోజూ పెట్టుకోవాలనే అనుకున్నాను. రోజూ అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మార్చి వచ్చాక బెజవాడలో ఫెల్ట్ నెత్తిన పెట్టుకుని తిరిగే మొనగాడెవడూ లేడు.

టోపీతో పాటు మావాడు జాగ్రత్తలు కూడా చెప్పాడు. అవి ఎందుకో తెలిస్తేనే నాకు గుర్తుంటాయి. ఫెల్ట్ నేసిన గుడ్డ కాదు, అందులో పడుగూ పేకా ఉండవు. బొచ్చు పోగుల మీద కంటికి కనబడని పొలుసులు ఉంటాయి. తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుంటాయి. ఫ్యాక్టరీలో ఫెల్ట్ తయారయ్యేదే అలా. ఇంటికొచ్చాక కూడా ఆ మూడూ ఒకచోట చేరితే టోపీ మళ్ళీ ముడుచుకోవడం మొదలుపెడుతుంది. చాలా టోపీలకు బిరుసు రావడానికి లక్క కూడా పట్టిస్తారు. ఏటికొప్పాక బొమ్మలు చేసేటప్పుడు చూసినవాళ్ళకి తెలుసు, తిరుగుతున్న కర్రకి లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. అంచుకి బిరుసునిచ్చేది అలాంటి లక్కే అయినప్పుడు, ఎండలో అద్దాలు మూసి ఆపిన కారులో టోపీ వదిలేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అంచు వాలిపోతుంది, లోపలి తోలు పట్టీ కుంచించుకుపోయి టోపీ తలకి పట్టదు. స్కూటర్ డిక్కీ అయినా అంతే.

చూసినవాళ్ళందరూ ముందు వాన గురించే అడుగుతారు. మన ఊళ్ళో వానకంటే పెద్ద తంటా మన తలతోనే. చిన్నప్పటి నుంచీ కొబ్బరినూనె రాసుకోందే గడప దాటని తల ఇది. నూనె ముందు తోలు పట్టీకి అంటుతుంది, అక్కడి నుంచి ఫెల్ట్‌లోకి ఎక్కుతుంది, చివరికి రిబ్బను పైన నల్లటి గీతలా తేలుతుంది. అప్పటికి లోపల జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకని సీజన్ మొదలవగానే నూనె రాత్రికి మార్చేశాను, పొద్దున టోపీ పెట్టుకునే ముందు తల తువ్వాలుతో గట్టిగా తుడుచుకుంటాను. చెమట సంగతి ఇంకోటి. జనవరిలో కూడా ఎనిమిది దాటితే ఇక్కడ నుదురు తడుస్తుంది. ఇంటికి రాగానే తోలు పట్టీని బయటికి తిప్పి, పొడి నూలుగుడ్డతో అద్ది, ఫ్యాను గాలి తగిలేలా పెడతాను. తడి ఆరాక పట్టీని మళ్ళీ లోపలికి మడుస్తాను. ఈ ఒక్క పని మానేస్తే మిగతావన్నీ చేసినా దండగే.

పెట్టే పద్ధతి కూడా ఉంది. బోర్లిస్తే బరువంతా అంచు మీద పడి అది చదునైపోతుంది, అందుకని వెల్లకిలా పెట్టాలి. మేకుకి తగిలిస్తే తగిలించిన చోట బుడిపె లేస్తుంది. మా ఆవిడ పాత చీర ముక్కని చుట్టకుదురులా చుట్టి ఇచ్చింది, టోపీ నడినెత్తి అందులో కూర్చుంటుంది, ఎటూ దొర్లదు. సినిమాల్లో హీరోలు ముందుభాగాన్ని రెండు వేళ్ళతో నొక్కి పట్టి తీస్తారు, ఆ స్టైలు చూడ్డానికే బాగుంటుంది. రోజూ అక్కడే నొక్కితే ఆ మడత దగ్గర ఫెల్ట్ పల్చబడి చివరికి చీలుతుంది. ముందూ వెనకా అంచు పట్టుకుని రెండు చేతులతో తీయడమే మేలు. ప్రకాశం బ్యారేజీ మీద గాలికి ఎలాగూ రెండు చేతులూ కావాలి.

నేను భయపడింది మాత్రం చుట్టాలకి. సంక్రాంతికి ఇల్లు నిండితే టోపీ హాల్లో కనబడకూడదు. "బాబాయ్, ఒక్కసారి ఇవ్వు, సెల్ఫీ దిగి ఇచ్చేస్తా" అని మొదలై, మా అన్నయ్య పిల్లల నుంచి వియ్యంకుడి దాకా వరసగా అందరి తలలూ తిరిగి వస్తుంది. తలంటుకున్న తల ఏదో, ఆముదం పెట్టిన తల ఏదో ఎవరు చూడొచ్చారు! కాదంటే మొహమాటం. అందుకని పండగ మూడు రోజులూ దాన్ని డబ్బాలోనే దాచాను. భోగి మంట దగ్గరికి కూడా తీసుకెళ్ళలేదు. నిప్పురవ్వ పడితే చిల్లు, పడకపోయినా ఫెల్ట్ పొగ వాసన పట్టేస్తుంది, ఓ పట్టాన పోదు.

ఇంత జాగ్రత్తలోనూ పెళ్ళిలో ఎవరిదో చెయ్యి తగిలి అంచు మీద నెయ్యి మరక పడింది. తడిగుడ్డతో తుడవలేదు, తుడిస్తే ఇంకా పాకుతుంది. ముల్తానీ మట్టి పొడి మరక మీద చల్లి రాత్రంతా వదిలేసి, పొద్దున బ్రష్‌తో దులిపాను. కొంత పోయింది, మళ్ళీ చల్లాను, మిగిలింది కూడా దాదాపు పోయింది. ముదురు రంగు టోపీ అయితే ఆ పొడే తెల్లగా మిగిలిపోయే ప్రమాదం ఉంది, ముందు కనబడని చోట కొంచెం వేసి చూసుకోవాలి. బ్రష్ కోసం బీసెంట్ రోడ్డంతా తిరిగి, ఆఖరికి చంటిపిల్లల తల దువ్వే మెత్తటి బ్రష్ కొన్నాను. బూట్ల బ్రష్ వద్దు, పాలిష్ అంటుతుంది. గడియారం ముల్లుకి ఎదురు దిశలో, ఒకే వైపుకి, నూగు పడుకున్న దారినే తేలిగ్గా లాగితే దుమ్ము లేచిపోతుంది. ఒక డ్రైక్లీనింగ్ షాపుకి కూడా వెళ్ళాను. "కోట్లతో పాటు మిషన్‌లో వేసేస్తామండీ, సాయంత్రం రండి" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. థాంక్స్ చెప్పి టోపీ చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

వాన పరీక్ష కూడా అయింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడా ముసురు వదల్లేదు. మందుల షాపు నుంచి వచ్చేసరికి టోపీ పూర్తిగా తడిసింది. నీళ్ళు దులిపి, తోలు పట్టీని కిందికి దింపి, ఆ పట్టీ మీదే టోపీని నిలబెట్టాను. అప్పుడు అంచు దేనికీ ఆనుకోదు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చింది, కాదంటే ఇస్త్రీ పెట్టె తెస్తానంది. ఫ్యానుకి దూరంగా వదిలేస్తే చాలన్నాను. ఆ చెమ్మకి ఆరడానికి చాలాసేపు పట్టింది, ఆగాను. ఆరాక ఒకపక్క అంచు వంకర తిరిగింది. కరోనా టైంలో కొన్న ఆవిరి పట్టే మిషన్ అటక మీద నుంచి దించి, ఆ వంకరకి దూరం నుంచి కాసేపు ఆవిరి చూపించి, మెత్తబడగానే వేళ్ళతో సరిచేసి, చల్లారేదాకా కదపలేదు. తోలుకి మాత్రం ఆవిరి తగలనివ్వలేదు, తగిలితే బిగుసుకుంటుంది.

మార్చిలో దాచిపెట్టడం ఇంకో పని. బట్టలు కొట్టే పురుగుకి బొచ్చు, ఉన్ని అంటే ప్రాణం, చెమట మరక ఉన్న చోటైతే మరీ ఇష్టం. అందుకని దాచేముందు బాగా బ్రష్ చేసి, పట్టీ తుడిచి, ఆరబెట్టాను. బేకరీలో పెద్ద సైజు కేకు డబ్బా అడిగి తెచ్చాను, అట్టపెట్టె కాబట్టి గాలాడుతుంది. ప్లాస్టిక్ కవరులో బిగిస్తే జులై, ఆగస్టు చెమ్మకి బూజు పట్టడం ఖాయం. నడినెత్తి దిగిపోకుండా లోపల తెల్లకాగితాలు ఉండచుట్టి కుక్కాను, వార్తాపత్రికైతే సిరా అంటుతుంది. కలరా ఉండలు గుడ్డలో మూటకట్టి టోపీకి తగలకుండా ఓ మూల పెట్టాను. మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు కూడా రెండు మూడు వేశాను. పడమటి గోడకి ఉన్న బీరువా మేలో కాలిపోతుంది కాబట్టి డబ్బాని తూర్పు గదిలో ఉంచాను. అప్పుడప్పుడూ తీసి చూసేవాణ్ణి.

దీపావళి దాటాక తీస్తే పురుగు లేదు, బూజు లేదు, కలరా ఉండల వాసన మాత్రం గుప్పుమంది. నీడలో గాలికి పెడితే అది తగ్గింది. తోలు పట్టీ వెనకవైపు కుట్టు ఒకటి ఊడింది. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన తిప్పి చూసి "నా సూదికి రంధ్రం పెద్దదవుద్ది సార్, సన్నసూదితో పాత రంధ్రాల్లోంచే కుట్టించుకోండి" అన్నాడు. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ రంధ్రాల్లోంచే కుట్టింది.