1500 రూపాయలతో ఎల్ఫుల డెక్‌ను సరిదిద్దుకున్న నా అనుభవం

మ్యాజిక్ ద గాదరింగ్ కార్డుల ఆటలో కమాండర్ పద్ధతికి కొత్తగా వచ్చేవారు చాలావరకు కంపెనీ ముందే కూర్చి అమ్మే 100 కార్డుల డెక్‌తోనే మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. బరంపురంలో మేము నలుగురం, ఇద్దరు తెలుగువాళ్లం, ఇద్దరు ఒడియావాళ్లు, ఆదివారం సాయంత్రాలు గాంధీనగర్‌లో ఒక మిత్రుడి ఇంటి మేడ మీద కూర్చుని ఆడుకుంటాం. దగ్గరలో విడి కార్డులు అమ్మే దుకాణమేదీ మాకు లేదు కాబట్టి, ఏ కార్డు కావాలన్నా పార్సిల్‌లో తెప్పించుకోవాలి, లేదా ఊరెళ్లి వచ్చేవారి చేత తెప్పించుకోవాలి. ఇలాంటి చోట ఉండి తక్కువ డబ్బుతో డెక్‌ను మెరుగుపరచుకోదలచినవారికి పనికొస్తుందని నేను చేసిన పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

నా డెక్ పేరు ఎల్వెన్ ఎంపైర్. 2021లో కాల్డ్‌హైమ్ సెట్‌తో పాటు విడుదలైన రెండు కమాండర్ డెక్కులలో ఇది ఒకటి. ఆకుపచ్చ, నలుపు రంగుల డెక్ ఇది, ఇందులో ముఖ్యమైన జీవులు ఎల్ఫులు (జానపద కథల్లోని ఒక అడవి జాతి). దీని నాయకురాలు, అంటే కమాండర్ కార్డు, లాథ్రిల్. నాలుగు మానాలు (కార్డులు దించడానికి కట్టే శక్తి) చెల్లించి ఆమెను బల్ల మీదికి దించాలి. ఆమె యుద్ధంలో ప్రత్యర్థికి ఎంత దెబ్బ తగిలిస్తే అన్ని ఎల్ఫ్ యోధుల టోకెన్లు (డెక్‌లోని కార్డులు కాకుండా ఆటలోనే పుట్టే జీవులు) పుడతాయి. అంతకంటే ముఖ్యమైన శక్తి మరొకటి ఉంది. లాథ్రిల్‌ను ట్యాప్ చేసి (వాడినట్టు గుర్తుగా కార్డును పక్కకు తిప్పి), ఆమెతో పాటు మరో పది మంది ఎల్ఫులను ట్యాప్ చేస్తే ప్రతి ప్రత్యర్థీ 10 లైఫ్ (ప్రాణబలం) కోల్పోతాడు, మనకు 10 లైఫ్ వచ్చి చేరుతుంది. కమాండర్ ఆటలో ఒక్కొక్కరూ 40 లైఫ్‌తో మొదలవుతారు కాబట్టి ఈ పని నాలుగుసార్లు జరిగితే మరే దాడీ అవసరం లేకుండానే ఆట ముగిసిపోతుంది.

ఇక్కడ ఒక నియమాన్ని బాగా అర్థం చేసుకోవాలి. లాథ్రిల్ కార్డు మీద ఆమె కోసం ట్యాప్ గుర్తు ఉంది కాబట్టి, ఆమె మన టర్న్ మొదలయ్యేనాటికే బల్ల మీద మన ఆధీనంలో ఉండి ఉండాలి. ఆ పది మంది ఎల్ఫులకు మాత్రం ఆ నిబంధన వర్తించదు. ఆ క్షణంలోనే పుట్టిన టోకెన్‌ను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. ఈ ఒక్క విషయం తెలిస్తే ఏ కార్డు కొనాలో సగం తేలిపోతుంది. బలమైన ఎల్ఫు కంటే చవకగా దిగే ఎల్ఫు, ఒంటరిగా వచ్చే ఎల్ఫు కంటే తోడును వెంటబెట్టుకుని వచ్చే ఎల్ఫు ఈ డెక్‌కు ఎక్కువ విలువైనవి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు డెక్‌ను ఉన్నది ఉన్నట్టుగానే కొన్ని వారాలు ఆడాను. పక్కన ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, ఆట ముగిసినప్పుడు నా చేతిలో వాడకుండా మిగిలిపోయిన కార్డుల పేర్లు రాసుకునేవాణ్ణి. పేరు మళ్లీ వస్తే పక్కన ఒక గీత గీసేవాణ్ణి. ఓడినా గెలిచినా ఆ గీతలు అబద్ధం చెప్పవు. ఎండ్ రేజ్ ఫోర్‌రన్నర్స్ పక్కన గీతలు వరుసగా పెరిగాయి. ఏడు మానాలు కావలసిన ఆ అడవిపంది దిగేనాటికి ఆట దాదాపు తేలిపోయి ఉండేది, పైగా అది ఎల్ఫు కూడా కాదు. క్యాజువాల్టీస్ ఆఫ్ వార్ మంచి కార్డే, ఒక్క దెబ్బతో ఐదు రకాల వస్తువులను తీసివేయగలదు. కానీ ఆరు మానాలు దాని మీద పెట్టే టర్న్‌లో నా దళం ఒక్కరైనా పెరగదు.

వాయిస్ ఆఫ్ ద వుడ్స్ విషయంలో నేను చాలాసేపు ఆలోచించాను. ఐదుగురు ఎల్ఫులను ట్యాప్ చేస్తే 7/7 బలం (వేసే దెబ్బ 7, తట్టుకునే శక్తి 7) గల ఎలిమెంటల్ అనే జీవిని ఇచ్చే కార్డు అది, చూడడానికి ఎంతో ఆకర్షణీయంగా ఉంటుంది. అయితే లాథ్రిల్ అడిగేదీ ఆ ఎల్ఫులనే. ఒకే దళాన్ని రెండు పనులకు పంపలేం కాబట్టి దాన్ని తీసివేశాను. డెక్‌లో ఒక్కొక్క కార్డు మంచిదా చెడ్డదా అని కాక, అది పక్క కార్డు పనికి అడ్డొస్తుందా అని చూడడమే సరైన పరీక్ష అని నా నమ్మకం.

ఇక కొనవలసినవి. ఒక్క ఆకుపచ్చ మానాతో దిగి, తరువాతి టర్న్ నుంచి ఒక ఆకుపచ్చ మానా ఇచ్చే ఎల్ఫు ఈ డెక్‌లో ఎల్విష్ మిస్టిక్ మాత్రమే ఉంది. కమాండర్ పద్ధతిలో మానా ఇచ్చే మామూలు ల్యాండ్ కార్డులు తప్ప ఏ కార్డైనా ఒక్కటే పెట్టాలి కదా, కానీ అచ్చంగా అదే పని చేసే లానోవార్ ఎల్వ్స్, ఫిండ్‌హార్న్ ఎల్వ్స్ వేరే పేర్లతో ఉన్నాయి. మొదటి ఏడు కార్డులలో ఇలాంటి ఎల్ఫు కనిపించే అవకాశం ఒక్క కార్డుతో 7 శాతం, మూడు కార్డులతో దాదాపు 20 శాతం. మొదటి టర్న్‌లో అది దిగితే లాథ్రిల్ నాలుగో టర్న్‌లో కాక మూడో టర్న్‌లోనే వస్తుంది. ఆట చివర్లో చేతికి వచ్చినా పది మందిలో ఒకరిగా పనికొస్తుంది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మార్పు తెచ్చే కార్డు ఈ రంగుల్లో మరొకటి నాకు కనిపించలేదు.

డ్వైనెన్స్ ఎలీట్ రెండు మానాల కార్డు, మన దగ్గర అప్పటికే మరో ఎల్ఫు ఉంటే ఒక టోకెన్‌ను వెంట తెస్తుంది. ఎల్విష్ విజనరీ వస్తూనే ఒక కార్డు ఇస్తుంది. ఎల్విష్ వార్‌మాస్టర్ ప్రతి టర్న్‌లోనూ ఒకసారి, వేరే ఎల్ఫు దిగినప్పుడు, ఒక యోధుణ్ణి పుట్టిస్తుంది. 2022లో వచ్చిన లీఫ్ క్రౌన్డ్ విజనరీ మిగతా ఎల్ఫులకు బలం పెంచడమే కాక, ఎల్ఫు కార్డు వేసినప్పుడల్లా ఒక ఆకుపచ్చ మానాకు ఒక కార్డు తీసుకునే వీలు కల్పిస్తుంది. నా జాబితాలో అన్నిటికన్నా ఖరీదైనది అదే, అయినా వెనుకాడలేదు. చేతిలో కార్డులు అయిపోయిన ఎల్ఫుల డెక్ ఎదుటివారి దయ మీద బతుకుతుంది.

ల్యాండ్‌ల గురించి కొత్తవారు అంతగా పట్టించుకోరు. ఈ డెక్‌లోని గోల్గారీ గిల్డ్‌గేట్, జంగిల్ హాలో వంటి రెండు రంగుల ల్యాండ్‌లు ట్యాప్ అయ్యే దిగుతాయి, అంటే ఆ టర్న్‌లో ఒక మానా పోయినట్టే. వాటి స్థానంలో లానోవార్ వేస్ట్స్, వుడ్‌ల్యాండ్ సెమెటరీ పెట్టాను. మొదటిది రంగు మానా ఇచ్చినప్పుడు మనకు ఒక దెబ్బ వేస్తుంది, 40 లైఫ్ ఉన్న ఆటలో అది లెక్కలోకి రాదు. రెండోది మన దగ్గర స్వాంప్ గాని ఫారెస్ట్ గాని (నలుపు, ఆకుపచ్చ మానా ఇచ్చే ల్యాండ్‌లు) ఉంటే చాలు, వెంటనే వాడుకోవచ్చు.

అసలు చిక్కు కొనుగోలులో ఉంది. నేను కేటాయించుకున్న 1500 రూపాయల్లో చాలా కార్డులు 20 నుంచి 60 రూపాయల లోపువే. కానీ ఒక్కొక్క అమ్మకందారు దగ్గర ఒక్కొక్క కార్డు దొరికి, ప్రతి పార్సిల్‌కూ కార్డు ధరను మించిన రవాణా ఖర్చు పడుతుంది. అందుకని మా నలుగురి జాబితాలను కలిపి, ఎక్కువ కార్డులు ఒకేచోట దొరికే అమ్మకందారును ఎంచుకున్నాం. ఒకటి రెండు రూపాయలు ఎక్కువైనా అదే లాభం. మిగిలినవాటి కోసం విశాఖపట్నంలో ఉండే మా బావకు ఫోన్ చేశాను.

“బావా, నాలుగు కార్డులకి పార్సిల్ చేయించుకుంటే గిట్టుబాటు కావట్లేదు. అక్కడ ఎవరి దగ్గరైనా దొరుకుతాయేమో చూస్తావా?”

“పేర్లన్నీ రాసి పంపించు. మీ ఊరి ఠాకురాణీ అమ్మవారి యాత్రకి ఎలాగూ వస్తున్నాం, మీ అక్క చేతికిచ్చి పంపితే పారేస్తుంది గానీ నేనే పట్టుకొస్తాలే.”

ఆ విధంగా వుడ్‌ల్యాండ్ సెమెటరీ, కాపర్‌హార్న్ స్కౌట్ అనే ఎల్ఫు రైలెక్కి బరంపురం చేరాయి. గోపాలపురం నుంచి వచ్చే సముద్రపు తేమగాలికి మెరుపు పూత ఉన్న కార్డులు వంగిపోతాయి కాబట్టి, వచ్చిన కార్డులను వెంటనే స్లీవ్‌లలోకి ఎక్కించి, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలను డెక్ పెట్టెలో వేసి ఉంచాను.

ఎంత బలం పెంచాలన్నది కూడా మేము ముందే మాట్లాడుకున్నాం. 2025 ఫిబ్రవరిలో ఈ ఆటను తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కమాండర్ డెక్కులను బలాన్ని బట్టి ఐదు బ్రాకెట్లుగా విభజించే పద్ధతిని ప్రకటించింది. పెట్టెలోంచి తీసిన సగటు డెక్‌ను రెండో బ్రాకెట్‌కు ప్రమాణంగా చూపింది. మా బల్ల దగ్గర అందరివీ అలాంటి డెక్కులే కాబట్టి, ఆ హద్దు దాటించే కార్డులను, రెండు కార్డులతోనే అంతులేకుండా తిరిగే జోడీలను ఎవరమూ పెట్టకూడదనుకున్నాం. ఒక్కడి డెక్ మాత్రమే బలపడితే మిగతా ముగ్గురి సాయంత్రం పాడవుతుంది, ఆ తరువాత ఆడేవారే మిగలరు.

మార్చిన డెక్ ఎలా పని చేసిందో ఒక ఆటలో స్పష్టంగా చూశాను. నా ముందు లాథ్రిల్, ఒక మానాకు దిగే కాపర్‌హార్న్ స్కౌట్, టోకెన్లతో కలిపి మరో పది మంది ఎల్ఫులు ఉన్నారు. దాడికి ముందే లాథ్రిల్‌నూ ఆ పది మందినీ ట్యాప్ చేశాను, ముగ్గురికీ 10 చొప్పున లైఫ్ తగ్గింది. ఆ తరువాత స్కౌట్ ఒక్కడినే దాడికి పంపాను. స్కౌట్ దాడి చేసినప్పుడు తాను తప్ప మన మిగతా జీవులన్నీ తిరిగి నిలబడతాయి. దాంతో అదే టర్న్‌లో రెండోసారి ట్యాప్ చేశాను, మళ్లీ 10 చొప్పున తగ్గింది. ఒకే టర్న్‌లో ముగ్గురి దగ్గర నుంచీ 20 లైఫ్ పోయింది, ఇద్దరు ఆట నుంచి తప్పుకున్నారు.

మూడో మిత్రుడు మాత్రం మిగిలాడు. ఎరుపు రంగు ఆడే అతను తన టర్న్ రాగానే బ్లాస్ఫెమస్ యాక్ట్ వేశాడు. ప్రతి జీవికీ 13 దెబ్బ వేసే ఆ కార్డు ఖరీదు తొమ్మిది మానాలు, కానీ బల్ల మీద ఉన్న ఒక్కొక్క జీవికి ఒక్కొక్క మానా తగ్గుతుంది. నా దళం పెద్దదైన కొద్దీ ఆ కార్డు చవకైపోయి, చివరికి ఒక్క ఎరుపు మానాకే దిగింది. నా ఎల్ఫులందరూ ఒక్కసారిగా గ్రేవ్‌యార్డ్‌కు (చచ్చిన కార్డుల దొంతరకు) చేరారు. లాథ్రిల్‌ను కమాండ్ జోన్‌లోకి (కమాండర్ కార్డు ఉండే చోటికి) తెచ్చుకున్నా, మళ్లీ దించడానికి రెండు మానాలు అదనంగా కట్టాలి.

ఎల్ఫుల డెక్ ఆడేవారందరూ ఎదుర్కొనే ప్రమాదమే ఇది. దీనికి విరుగుడు మా రెండు రంగుల్లోనే తక్కువ ధరకు దొరుకుతుంది. గోల్గారీ చార్మ్ అనే రెండు మానాల కార్డు మన జీవులన్నిటినీ రీజెనరేట్ చేస్తుంది. దాన్ని ముందుగా వేస్తే బ్లాస్ఫెమస్ యాక్ట్ దెబ్బ తగిలినా ఎల్ఫులు ట్యాప్ అయి నిలిచి ఉంటారు. రాథ్ ఆఫ్ గాడ్ లాంటి తెలుపు కార్డులు రీజెనరేట్ కానివ్వవు కాబట్టి వాటి ముందు ఇది పని చేయదు, కానీ మా బల్ల దగ్గర తెలుపు రంగు ఆడేవారు ఎవరూ లేరు. 1500లో మిగిలిన చిల్లరతో ఆ కార్డును మా మిత్రుల తరువాతి ఆర్డర్‌లో చేర్పించాను. అది వచ్చాక ఆంబిషన్స్ కాస్ట్‌ను తీసి దాని స్థానంలో పెడతాను.