తేట నీరా, బురద నీరా

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఆ అంకె చూసి మనం అన్నానికి లేస్తాం. ఏటిగట్టు మీద కాపలా కాసే నీటిపారుదల శాఖ లస్కర్లకూ, తోడొచ్చిన ఊరి కూలీలకూ అసలు పని అప్పుడే మొదలు.

రాత్రి కాపలాకి ఇద్దరుండాలి. ఒకరు గట్టు పైన, ఒకరు ఊరివైపు అడుగున. పైనుంచి లైటు కొడితే గడ్డి తప్ప ఏమీ కనపడదు. అడుగున నడిచే మనిషి టార్చిని నేల బారున పడితే ఊట తళుక్కుమంటుంది. కాలి కింద నేల మెత్తబడ్డా ఆగి చూడాల్సిందే.

ఊట దొరికాక తేల్చుకోవాల్సింది ఒక్కటే: తేట నీరా, బురద నీరా? తేటనీరైతే పక్కన పుల్ల పాతి, గంటగంటకీ వచ్చి చూసుకోవచ్చు. బురద వస్తోందంటే గట్టు లోపల్నుంచి కరుగుతున్నట్టే. పందికొక్కు బొరియలు, కుళ్లిన చెట్ల వేళ్లు, స్లూయిజు (గట్టులోని నీటి తూము) గోడ పక్కన సరిగ్గా దిమ్మిస కొట్టని మట్టి, బుంగలు, అంటే నీరు గట్టుని తొలుచుకొచ్చే కన్నాలు, పడేది ఎక్కువగా ఇలాంటి చోట్లే.

కంగారులో అందరూ చేసే తప్పు బుంగ నోట్లో బస్తా కుక్కడం. ఆ నీరు ఆగదు, పక్కనే ఇంకో దారి చూసుకుంటుంది. బుంగ చుట్టూ రెండు మూడడుగులు వదిలి, బావి ఒరలా బస్తాలు పేర్చాలి. లోపల నీరు లేచేకొద్దీ ఏటి తోపుకి ఎదురు నిలుస్తుంది, మట్టి రావడం తగ్గుతుంది. నీరు తేటపడగానే ఎత్తు పెంచడం ఆపి, అది పొంగి పోయేందుకు ఓ పక్క దారి వదలాలి. పూర్తిగా కట్టేద్దామన్న ఆశ పనికిరాదు. ఈలోగా ఏటివైపు సుడి కనపడితే నీరు గట్టులోకి దూరేది అక్కడే, బస్తాలు దింపాల్సిందీ అక్కడే.

బస్తాని మూడింట రెండు వంతులే నింపాలి. నిండు బస్తా గుమ్మడికాయలా కూర్చుంటుంది, సందుల్లోంచి నీరు పోతుంది. ఇటుకల వరసలా అతుకు మీద అతుకు పడకుండా వేసి, ప్రతి వరసా కాళ్లతో తొక్కాలి.

2022 జూలైలో బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. గండి పడితే ఊరి పేరు పేపర్లో వస్తుంది. ఆగిన బుంగకు ఫోటో ఎవరు తీస్తారు?

వరద తీస్తోందని చాప చుట్టేయడానికీ లేదు. నీరు గబగబా దిగితే, నానిన గట్టు ఏటివైపు పెళ్లలుగా జారుతుంది. అందుకే హెచ్చరిక ఎత్తేశాక కూడా లస్కరు పుల్లలు పాతిన చోట్లన్నీ మళ్లీ తిరిగి చూస్తాడు, ఈసారి ఏటివైపు అంచున.