అమ్మమ్మ మోకాలు ఎక్కడుంది?

మా అమ్మాయికి పదిహేనేళ్ళు. పద్నాలుగు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు కూర్చుని మనుషుల బొమ్మలు గీస్తోంది. రోజూ అని రాయబోయి ఆగాను, ఎందుకంటే పరీక్షలప్పుడు మానేసింది, జ్వరానికి మానేసింది, ఒకసారి నాతో గొడవపడి పది రోజులు కాగితమే ముట్టుకోలేదు. అయినా మా బేస్‌మెంట్‌లో న్యూస్‌ప్రింట్ కాగితాలు జానెడెత్తు పేరుకున్నాయి. పడేద్దామంటే ఊరుకోదు, ప్రతి కాగితం మూల తేదీ వేసి ఉంటుంది, అవన్నీ రికార్డులట.

మొదలైంది ఆర్ట్ క్లాసులో ఇచ్చిన మామూలు హోంవర్కుతో. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకుని గీయాలి, ఫోన్లో ఫొటో చూసి గీయకూడదు. ఇంట్లో ఖాళీగా కనిపించేది నేనే కదా. నన్ను సోఫాలో కూర్చోబెట్టి గంటసేపు గీసింది. చూస్తే కళ్ళు నుదుటి మీదున్నాయి, మెడ లేదు, చేతులు రెండూ వీపు వెనక్కి పోయాయి. నవ్వాను. నవ్వకూడదని తెలుసు, కానీ వచ్చేసింది. "అయితే నువ్వు గియ్యి" అంది.

నేను రాజమండ్రిలో పెరిగినదాన్ని. చిన్నప్పుడు వారపత్రికల్లో బాపు బొమ్మలు చూసి నోటుబుక్కు వెనక పేజీల్లో వేసేదాన్ని, జడ, కాటుక కళ్ళు, ఆ నడుము వంపు, క్లాసులో అందరూ భలే వేశావే అనేవాళ్ళు. ఆ ధైర్యంతో పెన్సిల్ అందుకున్నాను. పది నిమిషాల్లో సంగతి తేలిపోయింది. నాకు వచ్చింది ఆయన గీతని కాపీ కొట్టడం, మనిషిని గీయడం కాదు. ఎడమవైపు తిరిగిన మొహం ఒక్కటే వచ్చు. మా అమ్మాయి తల కాస్త ఎత్తి ఎదురుగా కూర్చుంటే నా దగ్గర దానికి గీతే లేదు. ఇప్పుడు ఆయన బొమ్మలు చూస్తుంటే ఆ నాలుగు గీతల్లోనే మనిషి బరువు ఏ కాలి మీదుందో తెలిసిపోతోంది. నేను జడ దించుకున్నానే గానీ బరువు దించుకోలేదు.

సరే, రాత్రిళ్ళు గీసే పద్ధతి ఇది. ముప్పై సెకన్ల బొమ్మలు పది, నిమిషానివి ఐదు, రెండు నిమిషాలవి మూడు, చివర్లో ఐదు నిమిషాలది ఒకటి. మొత్తం 21 నిమిషాలు. రబ్బరు వాడకూడదు. ముప్పై సెకన్లలో మొహం గీయడానికి టైమ్ చాలదు, అలా చాలకపోవాలనే ఆ ముప్పై సెకన్లు. తల నుంచి మడమ దాకా ఒంట్లో పోయే ఒక్క వంపు పట్టుకోవాలి, తర్వాత పక్కటెముకల గూడు ఒక గుడ్డులాగా, తుంటి ఒక పెట్టెలాగా వేసుకుని అవి రెండూ ఎటు వాలాయో చూడాలి. చెయ్యి మణికట్టు దగ్గర కాదు, భుజం దగ్గర నుంచి కదలాలి. మొదటి రెండు నెలలు గుమ్మడికాయలకి కాళ్ళొచ్చినట్టు ఉండేవి. మూడో నెలలో ఒకరోజు మా ఆయన ఫ్రిజ్ తలుపు తీసుకుని లోపల ఏముందా అని వంగి చూస్తున్న బొమ్మ ఒకటి పడింది, మొహం లేదు, వేళ్ళు లేవు, ఏడు గీతలు, కానీ చూడగానే ఈయనే. ఆ వీపు ఇంకెవరిదీ కాదు.

కళ్ళు నుదుటి మీదికి ఎందుకు పోతాయో కూడా అప్పుడే తెలిసింది. తల నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు సరిగ్గా సగంలో ఉంటాయి. మనకి మొహం ముఖ్యం, నెత్తి ముఖ్యం కాదు, అందుకని నెత్తిని మింగేస్తాం. పెద్దవాళ్ళ ఎత్తు వాళ్ళ తలకి సుమారు ఏడున్నర రెట్లు ఉంటుంది, ఏడాది పిల్లలైతే నాలుగు రెట్లే. పిల్లల్ని గీస్తే మరుగుజ్జు పెద్దవాళ్ళలా కనిపించేది ఈ తేడా మరిచిపోవడం వల్లే. ఇది క్లాసులో చెప్పారు. మన శిల్పులకీ ఇలాంటి లెక్క ఉంది, వాళ్ళ కొలత తాళం, అంటే నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా, పన్నెండు అంగుళాలు. నవతాళం బొమ్మ అంటే తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. ఈ అంగుళం స్కేలు మీదది కాదు, ఆ బొమ్మలోంచే పుట్టే కొలత. తాళం అంటే మణికట్టు నుంచి నడివేలి కొన దాకా కొలతే కదా అని ఇంట్లో అందరం చెయ్యి మొహానికి ఆనించి చూసుకున్నాం, గడ్డం నుంచి నుదుటి పైదాకా సరిపోయింది. మా చిన్నాడు అదే అదనుగా అక్క మొహం మీద జామ్ పూశాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది తెలుగు గురించి. ఆదివారం తెలుగు క్లాసుకి ఆరేళ్ళు తిప్పాను, అ ఆ లు వచ్చాయి, తెలుగులో మాట్లాడదు. ఈ బొమ్మల దగ్గర మాత్రం నాకు తెలియకుండానే నోటికి తెలుగే వచ్చేది, "తుంటి ఎక్కువ వంచావు, పిక్క అంత కిందికి రాదు, చీలమండ లోపలివైపుది పైన, బయటివైపుది కింద ఉంటుంది చూడు" అంటూ. దానికి ఆ మాటలు కావాలి కాబట్టి పట్టేసుకుంది. ముంజెయ్యి, మోచెయ్యి, జబ్బ, చంక, అరికాలు. నెల తిరిగేసరికి నన్నే దిద్దుతోంది, "అది చెయ్యి కాదు అమ్మా, ముంజెయ్యి."

తర్వాత మోడళ్ళు అయిపోయారు. మేమంతా సోఫాలో, కుర్చీలో, కారు సీట్లో కూర్చునేవాళ్ళమే, అన్ని బొమ్మలూ ఒకేలా వస్తున్నాయని విసుక్కుంది. గొంతుక్కూర్చో అంది నన్ను. కూర్చున్నాను. రెండు నిమిషాల బొమ్మకి నలభై సెకన్ల దగ్గర వెనక్కి పడ్డాను. మా అమ్మ ఆ భంగిమలో ఇంటి ముందు పావుగంట కూర్చుని ముగ్గు వేస్తుంది, డెబ్బై ఒకటో ఏట.

అలా అమ్మమ్మ మోడల్ అయింది. ఇక్కడ అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో ఎండాకాలం రాత్రి తొమ్మిదంటే అక్కడ రాజమండ్రిలో పొద్దున్న ఆరున్నర, అమ్మ కూరలు తరుక్కునే వేళ. ఫోన్ని బియ్యం డబ్బాకి ఆనించి పెడుతుంది. ఫోన్లో గీయకూడదని టీచర్ చెప్పింది ఫొటోల గురించి, కదిలే మనిషి గురించి కాదని మా అమ్మాయి వాదన, నేనేమీ అనలేదు. అమ్మ కత్తిపీట చెక్క మీద ఒక పాదం వేసి, ఒక మోకాలు పైకెత్తి, రెండో కాలు మడిచి కూర్చుంటుంది. అరవై ఏళ్ళుగా అలాగే. ఎప్పుడూ చూడలేదు నేను. చూశాను గానీ చూడలేదు.

మొదటి రోజు బొమ్మ చీరమూట. మూట మీద ఒక తల. "అమ్మమ్మ మోకాలు ఎక్కడుంది?" అంది మా అమ్మాయి కంగారుగా. అదే ప్రశ్న ఫోన్లోకి అడిగింది. "ఇదుగోనే, ఎక్కడికి పోతుంది" అని అమ్మ చెంపదెబ్బ కొట్టినట్టు మోకాలి మీద చరుచుకుంది. అప్పుడు చూపించగలిగాను. చీర దానంతటది ముడతలు పడదు, ఒంట్లో ఏదో ఒక ఎముక దగ్గర వేలాడుతుంది, అక్కణ్ణించి జారుతుంది. మోకాలి మీద నుంచి ముడతలు చక్రం ఆకుల్లా విడిపోతాయి, తుంటి దగ్గర కుచ్చెళ్ళు నలిగి మడత పడతాయి, పైట భుజం మీద నుంచి బరువుగా దిగుతుంది. ముడతలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే ఎముక దొరుకుతుంది. ముందు చీర లేకుండా కర్రబొమ్మలా కాళ్ళు ఎలా మడిచిందో వేసుకుని, దాని మీద చీర కట్టాలి. రెండు వారాలు పట్టింది మోకాలు దొరకడానికి. ఇదంతా జరుగుతున్నంతసేపూ అమ్మ బెండకాయలు తరుగుతూ కబుర్లు చెబుతూనే ఉండేది, పక్కింటివాళ్ళ గేదె, గోదావరి నీళ్ళు, నా పెళ్ళిలో ఎవరు అలిగారు. పదిహేనేళ్ళుగా ఫోన్ చేతికిస్తే "బాగున్నావా అమ్మమ్మా, బాగున్నాను, బై" అని పారిపోయే పిల్ల ఇరవై నిమిషాలు కళ్ళు తిప్పకుండా ఆవిణ్ణి చూస్తూ కూర్చుంటోంది. బొగ్గుతో గీస్తోందని చూసి అమ్మ అంది, "కాళహస్తిలో కలంకారీ వాళ్ళు కూడా ముందు చింతపుల్లల బొగ్గుతోనే గీసుకుంటారే" అని.

శనివారాలు ఇక్కడి ఆర్ట్ మ్యూజియంకి వెళ్తాం. ప్రవేశం ఉచితం, గీసుకోవడానికి పెన్సిల్ పట్టుకెళ్తే చాలు. చోళుల కాలం నటరాజు ఉన్నాడు, కానీ మా అమ్మాయి మనసంతా ఇంకో బొమ్మ మీద. దక్షిణ కంబోడియాలో ఫ్నోం దా కొండ దగ్గరి రాతి కృష్ణుడు, క్రీ.శ. 600 ప్రాంతంవాడు, ముక్కలు అతికించి నిలబెట్టారు. గోవర్ధనం ఎత్తిన చెయ్యి పైకి పోయింది, ఆ వైపు ఒళ్ళంతా సాగింది, రెండోవైపు కుదించుకుంది. గొంతుగుంట నుంచి నిట్టనిలువుగా కిందికి గీత ఊహించుకుని ఆ బరువు ఎటు దిగుతుందో చూడమని చెప్పారట క్లాసులో. తొమ్మిదో ఏట మానేసిన కూచిపూడి అక్కడ గుర్తొచ్చింది దానికి, తుంటి ఒకవైపు భుజం ఒకవైపు అని టీచర్ అరిచేది దీనికా అంది. ఆ బొమ్మ అమ్మకి పంపిస్తే వెంటనే ఫోన్. "పోతన గారు వలకేల అన్నారు కదే, కుడి చెయ్యి. వీడేంటి ఎడమ చేత్తో ఎత్తాడు?" మనవరాలు తడుముకోలేదు, "కుడి చెయ్యి నొప్పెట్టి మార్చుకున్నాడు అమ్మమ్మా, ఏడు రోజులు కదా."

ఇక మా ఇద్దరి గొడవ సంగతి. వేసవి క్లాసు ఒకదానికి ఫారం వచ్చింది, బట్టలు లేని మోడల్ ఉంటారు, పద్ధెనిమిది నిండనివాళ్ళకి తల్లిదండ్రుల సంతకం కావాలి అని. నేను పెట్టలేదు. ఎముకలూ కండరాలూ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి దారి లేదని తెలుసు, అయినా చెయ్యి రాలేదు. "గుడి గోపురం మీదవాళ్ళకి ఏం బట్టలున్నాయి?" అంది. జవాబు లేదు నా దగ్గర. పోయిన సెలవుల్లో రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి నన్ను లాక్కెళ్ళింది కూడా అదే. చిన్నప్పుడు ఆ దారిన వందసార్లు పోయాను, ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి వచ్చి, 1925లో, ముప్పై అయినా నిండకుండానే పోయిన మనిషి. ఆయన పనంతా మనుషులే. మా అమ్మాయి ఒక్కో బొమ్మ ముందూ నిలబడి మోకాళ్ళూ మోచేతులూ వెతుక్కుంటుంటే అమ్మా నేనూ బెంచీ మీద కూర్చున్నాం. ఫారం సంగతి అమ్మకి అప్పుడూ చెప్పలేదు. పద్ధెనిమిది నిండాక నీ ఇష్టం అన్నాను, మూడు రోజులు మాట్లాడలేదు, తర్వాత బట్టలు వేసుకున్న మోడల్ ఉండే క్లాసు తనే వెతుక్కుంది.

మొన్న ఆదివారం అమ్మ బొమ్మ ఒకటి నిలబడింది. ఐదు నిమిషాలది. మోకాలు ఉంది, కత్తిపీట మీద పాదం బరువుగా ఉంది, మెడ కాస్త ముందుకు వాలింది, అచ్చం అమ్మే. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాం. కళ్ళజోడు తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"బానే ఉంది గానీ చేతులేవే? మణికట్టు దగ్గర ఆపేశావు."

"చేతులకి టైమ్ సరిపోవట్లేదు అమ్మమ్మా. నువ్వు బెండకాయలు కొంచెం నెమ్మదిగా తరుగు."