ఎండాకాలంలోనే దర్శనమిచ్చే సంగమేశ్వరుడు

ఏ గుడికైనా పండగో పర్వమో చూసుకుని వెళ్తాం. సంగమేశ్వరానికి మాత్రం శ్రీశైలం డ్యాంలో నీళ్లు ఎంత తగ్గాయో కనుక్కుని బయల్దేరాలి. 1980లలో డ్యాం నిండినప్పటి నుంచి ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ గుడి నీళ్లలోనే ఉంటుంది. ఎండలు ముదిరితేనే స్వామి దర్శనం.

అమ్మను తీసుకుని కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరాం. ముంపు నుంచి తప్పించి ఒడ్డు మీద మళ్లీ కట్టిన సోమేశ్వరుడి గుళ్లలో దండం పెట్టుకుని బోటు ఎక్కాం. ఇటు మన నాగర్‌కర్నూల్ జిల్లా, అటు నంద్యాల జిల్లా.

"ఈసారి నీళ్లు ఎప్పుడొస్తయన్నా?" అని బోటాయన్ని అడిగాను. "జూరాల గేట్లు ఎత్తినంక" అన్నాడు. వానల మాటే ఎత్తలేదు.

ఆయన చెప్పింది నిజం. మా పాలమూరులో ఏడాదంతా కలిపి కురిసేది దాదాపు 600 మిల్లీమీటర్లు. నైరుతి మబ్బులు పడమటి కనుమల మీదే కుమ్మరించేసి, మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. కృష్ణమ్మ పుట్టిన మహాబలేశ్వరంలో 5,000 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ నీళ్లే ఆల్మట్టి, నారాయణపూర్ నింపి జూరాలకు, అక్కణ్నుంచి శ్రీశైలానికి దిగుతాయి. అందుకే చేలు వానకు మొహం వాచి ఉన్నప్పుడు కూడా ఏరు ఒడ్లు ఒరుసుకుని పారుతుంది. ఏటి పక్క ఊళ్ల నుంచే జనం బొంబాయి వలస వెళ్లారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అవతలి ఒడ్డున దిగితే పైమట్టి చెయ్యి పట్టేంత నెర్రెలిచ్చింది, అడుగున ఇంకా తడే. గుడి రాళ్ల సందుల్లో ఒండ్రు గట్టిపడి ఉంది. లోపల శివలింగం వేప కొయ్యది. ధర్మరాజు ప్రతిష్ఠ అంటారు. ఇన్నేళ్లుగా మునుగుతూ తేలుతూ ఉన్నా ఆ కొయ్య చెక్కుచెదరలేదు. అమ్మ దాని ముందు నుంచి లేవనే లేదు.

ఇక్కడ కలిసే నదులు ఏడు: తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి. వీటిలో మన నల్లమలలో పుట్టింది భవనాశి ఒక్కటే. మిగతావన్నీ పడమటి కనుమల బిడ్డలు.

వరద గర్భగుడిలోకి వచ్చే ముందు పూజారి ఆఖరి పూజ చేస్తారు. వెళ్లాలనుకునేవాళ్లు ఆలోపే వెళ్లండి, పొద్దున్నే బోటు ఎక్కండి. రేవు నుంచి గుడి దాకా నీడన్నది లేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే గొడుగు, మంచినీళ్లు మర్చిపోకండి.