బోరు నీళ్ల ఇంట్లో డిష్‌వాషర్: నా అనుభవం

మా ఫ్లాట్ హైదరాబాద్‌లో, పై అంతస్తులో. ట్యాంకులోకి వచ్చేది బోరు నీళ్లు, ఎండాకాలంలో వాటికి తోడు ట్యాంకర్ నీళ్లు. బకెట్ల అంచున తెల్లటి పెచ్చులు కట్టే రకం. ఇలాంటి ఇంట్లో డిష్‌వాషర్ ఏ కంపెనీది కొన్నామన్న దానికన్నా, నీళ్లకు తగ్గట్టు దాన్ని ఎలా సర్దుకున్నామన్నదే ముఖ్యం. అందుకే మిషన్ కొనకముందే నీళ్లు పరీక్షించాను.

చాలామంది ఆర్వో మెకానిక్ దగ్గరున్న టీడీఎస్ మీటర్ ముంచి ఆ అంకె చూసుకుంటారు. డిష్‌వాషర్‌కు ఆ అంకె పనికిరాదు. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి. గిన్నెల మీద తెల్లటి పొర కట్టేవి వాటిలో కాల్షియం, మెగ్నీషియం. ఆ రెండిటి మోతాదునే హార్డ్‌నెస్ అంటారు. వాటిని తీసేసే సాఫ్ట్‌నర్‌లోంచి వచ్చిన నీళ్లకు హార్డ్‌నెస్ దాదాపు సున్నాకు పడిపోయినా టీడీఎస్ పెద్దగా తగ్గదు, కాల్షియం పోయిన చోట సోడియం చేరుతుంది కాబట్టి. మనకు కావాల్సింది చుక్కల పద్ధతిలో పనిచేసే హార్డ్‌నెస్ టెస్ట్ కిట్. కొలిచి పట్టిన నీళ్లలో మొదటి రెండు మందులూ వేస్తే రంగు ముదురు ఎరుపుకు తిరుగుతుంది. మూడో సీసాలోది ఒక్కో చుక్కా వేసి కలుపుతూ పోతే ఒకచోట ఆ ఎరుపు పోయి నీలం వస్తుంది. అక్కడిదాకా పడిన చుక్కల సంఖ్యను కిట్ మీద ఇచ్చిన అంకెతో గుణిస్తే పీపీఎం తెలుస్తుంది, అంటే లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని. చాలా డిష్‌వాషర్ పుస్తకాల్లో జర్మన్ డిగ్రీలు ఉంటాయి. పీపీఎంను 17.8తో భాగిస్తే అవి వస్తాయి. 450 పీపీఎం అంటే సుమారు 25 డిగ్రీలు. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ 200 పీపీఎం లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు.

500 పీపీఎం నీళ్లు, ఒక వాష్‌కు 10 లీటర్లు అనుకుందాం. ఒక్క వాష్‌లో 5 గ్రాముల సున్నం మిషన్‌లోకి వెళ్తుంది. రోజుకో వాష్ అయితే నెలకు 150 గ్రాములు. అదంతా హీటర్ మీదా, నీళ్లు చిమ్మే రెక్కల రంధ్రాల్లోనూ, గాజు గ్లాసుల మీదా పేరుకోకుండా ఆపేది మిషన్ అడుగున ఉండే సాఫ్ట్‌నర్. అందులోని రెసిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనికొస్తాయి. ఉప్పు వేసేది ఇందుకే. అంట్లు శుభ్రం కావడానికి ఉప్పు వేస్తున్నామని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది పొరపాటు.

ఇక బిగింపు. మామూలు పెద్ద మిషన్‌కు 60 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు, 85 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. వెనకాల పైపుల కోసం మరికొంత చోటు వదలాలి. తలుపు ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి ఎదుట మరో 60 సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉండాలి. చాలామంది కొలవడం మరిచేది దీన్నే. నీటి పైపు చివర ముప్పావు అంగుళం మర ఉంటుంది. సింకు కింద ఉండే యాంగిల్ కాక్ సాధారణంగా అరంగుళం, కాబట్టి వాషింగ్ మిషన్‌కు వాడే కుళాయి గానీ అడాప్టర్ గానీ ముందే తెచ్చిపెట్టుకోవాలి. టెఫ్లాన్ టేప్ కుళాయి వైపు మరకు చాలు. మిషన్ పైపు మర దగ్గర నీళ్లు ఆపేది లోపలున్న రబ్బరు వాషర్, అక్కడ చేత్తో బిగిస్తే సరిపోతుంది. పానాతో బలంగా తిప్పితే ప్లాస్టిక్ మర పగులుతుంది.

పై అంతస్తుల్లో ప్రెషర్ సంగతి చూసుకోవాలి. నీటి మట్టం కుళాయి కన్నా ప్రతి 10 మీటర్ల ఎత్తుకు ఒక బార్ లెక్క. ట్యాంకు మన నెత్తి మీదే ఉంటే మూడు నాలుగు మీటర్లకు మించి రాదు, అంటే 0.3, 0.4 బార్. చాలా మిషన్లకు కనీసం అర బార్ ఉండాలి, కొన్ని 0.3కీ ఒప్పుకుంటాయి. కొనేముందే ఆ మోడల్ వివరాల్లో చూసుకోవాలి. చాలకపోతే చిన్న ప్రెషర్ పంపు వేయించడమే దారి. బోరు నీళ్లలో సన్న ఇసుక వస్తుంది కాబట్టి కుళాయికీ మిషన్‌కూ మధ్య ఒక సెడిమెంట్ ఫిల్టర్ పెట్టించాను. అది నిండితే ప్రెషర్ పడిపోతుంది, లోపలి క్యాండిల్ మార్చుతుండాలి. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లను డిష్‌వాషర్‌కు మళ్లించాలన్న ఆలోచన మాత్రం వద్దు. వడకట్టి వదిలేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

హీటర్ 2,000 వాట్లకు అటూ ఇటూ లాగుతుంది. దానికి ఎర్తింగ్ సరిగ్గా ఉన్న 16 ఆంప్స్ పవర్ ప్లగ్గే కావాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు. ఇళ్లలోని మామూలు ఇన్వర్టర్ ఈ బరువు మోయలేదు కాబట్టి ఆ లైనులో కలపొద్దు. కరెంటు పోయినా చాలా మిషన్లు తిరిగి రాగానే ఆగిన చోటి నుంచే మొదలెడతాయి.

ఇబ్బందులు ఎక్కువగా వచ్చేది వేస్ట్ పైపు దగ్గర. దాని చివర నేల నుంచి 40 సెంటీమీటర్ల కన్నా పైన, ఒక మీటరు లోపు ఉండాలి. నేల మీది నహానీ ట్రాప్‌లోకి జారవిడిస్తే లోపలి నీళ్లు వాటంతటవే బయటికి లాక్కుపోతాయి. మిషన్ నింపుతూనే ఉంటుంది, నీళ్లు పోతూనే ఉంటాయి, వాష్ ముందుకు సాగదు. సింకు బాటిల్ ట్రాప్‌కు కలిపితే, పైపును ముందు వంటగట్టు బండ అడుగుదాకా పైకెత్తి క్లాంపుతో బిగించి, అక్కడి నుంచి కిందికి దించాలి. లేకపోతే సింకులోని మురికి నీళ్లు మిషన్‌లోకి ఎదురొస్తాయి. మిషన్‌ను రసమట్టంతో చూసి కాళ్లు తిప్పి సమం చేయాలి. ఒరిగి ఉంటే తలుపు అడుగు నుంచి నీళ్లు కారతాయి.

ఉప్పు గది తొట్టి అడుగున, గిన్నెలు పెట్టే కింది అరకు దిగువన ఉంటుంది. మొట్టమొదటిసారి మాత్రమే అందులో లీటరు నీళ్లు పోసి, గరాటు పెట్టి ఉప్పు నింపాలి. మోడల్‌ను బట్టి కిలో నుంచి కిలోన్నర పడుతుంది. ఉప్పు దిగుతుంటే నీళ్లు పొంగి బయటికొస్తాయి, అది మామూలే. ఆ తర్వాతి నింపుళ్లకు నీళ్లు అక్కర్లేదు. వంటింటి ఉప్పులో అయోడిన్, గడ్డకట్టకుండా కలిపే పొడులు ఉంటాయి, సన్నగా ఉండడం వల్ల అది అడుగున గడ్డకడుతుంది కూడా. డిష్‌వాషర్ ఉప్పు అంటే కలిపిందేమీ లేని గరుకు సోడియం క్లోరైడే. ఉప్పు పోసిన వెంటనే వాష్ పెట్టాలి. చిందిన ఉప్పునీళ్లు అలాగే నిలిస్తే స్టీలు తొట్టికి తుప్పు చుక్కలు పడతాయి. మూత మర అడ్డంగా ఎక్కితే వాష్ మధ్యలో ఉప్పు కారి చెంచాల మీద గోధుమరంగు మచ్చలొస్తాయి. ఉప్పు అయిపోయిందని చూపే దీపం నింపగానే ఆరకపోవచ్చు, లోపల ఉప్పు కరగాలి కదా.

ఆ తర్వాత పరీక్షలో వచ్చిన అంకె ప్రకారం మిషన్‌లో హార్డ్‌నెస్ స్థాయి పెట్టాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మధ్యస్థాయిలోనే వదిలేయడం వల్లే బోరు ఇళ్లలో సగం ఫిర్యాదులు పుడతాయని నా నమ్మకం. ఎండాకాలం ట్యాంకర్లు మొదలయ్యాక ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి మళ్లీ పరీక్షించి స్థాయి మారుస్తాను. అన్నీ కలిసిన డిటర్జెంట్ టాబ్లెట్లు వాడితే ఉప్పు అక్కర్లేదని డబ్బా మీద ఉంటుంది. అది సుమారు 21 డిగ్రీల దాకా, అంటే 375 పీపీఎం దాకా నడుస్తుంది. అంతకు మించిన నీళ్లకు ఉప్పు తప్పదు.

రిన్స్ ఎయిడ్ అనే ద్రవం చివరి కడుగులో నీళ్లు చుక్కలుగా నిలవకుండా పలచని పొరలా జారిపోయేలా చేస్తుంది. గ్లాసుల మీద చుక్కల మచ్చలుంటే మోతాదు ఒక మెట్టు పెంచాలి, నీలిచాయ చారలుంటే తగ్గించాలి.

డిటర్జెంట్ పొడి అయితే 20 నుంచి 25 గ్రాములు. అది వేసే తలుపులోని డబ్బీ తడి లేకుండా ఉండాలి, తడి తగిలితే పొడి ముద్దకట్టి అడుగునే ఉండిపోతుంది. అరగంట వాష్‌లో టాబ్లెట్ పూర్తిగా కరగకపోవచ్చు, అలాంటప్పుడు పొడే మేలు. చేత్తో అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చెంచా కూడా వేయకూడదు. నురుగు తొట్టంతా నిండి తలుపు సందుల్లోంచి వస్తుంది, పంపు నీళ్లకు బదులు నురుగును తోడుతుంది. ఎవరైనా తెలియక వేసేస్తే వాష్ ఆపి, నీళ్లు బయటికి పంపి, నురుగు పోయేదాకా ఖాళీ రిన్సులు నడపాలి.

మన అంట్ల సంగతికొస్తే, మెతుకులు, కరివేపాకు, పోపు ఆవాలు, చింతపండు పిప్పి, ఎముకలు చెత్తబుట్టలోకి దులిపితే చాలు. ముందే కుళాయి కింద కడిగి పెట్టడం దండగ. డిటర్జెంట్‌లోని ఎంజైములు పనిచేసేదే ఆ పిండిపదార్థం మీద, మాంసకృత్తుల మీద. అడుగంటిన పాలగిన్నె, మాడిన మూకుడు మాత్రం ముందు నానాలి.

సర్దడంలో ఒకటే సూత్రం: నీటి ధార తగలాలి, తగిలిన నీళ్లు జారిపోవాలి. తపేలాలు, కుక్కర్ గిన్నెలు కింది అరలో బోర్లా, కాస్త వాలుగా. కంచాలు నిలువుగా, లోపలి ముఖం మధ్యకు తిప్పి. ఇడ్లీ రేకులు స్టాండు నుంచి విడదీసి, ఒకదానికొకటి అతుక్కోకుండా. గ్లాసులు, టిఫిన్ బాక్సు మూతలు పై అరలో. మూతి సన్నగా ఉన్న చెంబులోకి ధార వెళ్లదు, దాన్ని చేత్తో తోమడమే నయం. అరలో పెట్టిన గరిటె కాడ కిందికి జారి రెక్కకు తగిలితే అది తిరగదు, ఆ అరంతా మురికిగానే మిగులుతుంది. తలుపు మూసేముందు రెండు రెక్కలనూ వేలితో ఒక చుట్టు తిప్పి చూడాలి.

అల్యూమినియం కుక్కర్, అల్యూమినియం బాండీ పెట్టకూడదు, క్షారం తగిలి నల్లబడతాయి. దోసె పెనం మీద పట్టిన నూనె పొర ఊడి తుప్పు పడుతుంది. ఇత్తడి, రాగి, కంచు మెరుపు పోతాయి, వెండిని స్టీలుకు తగిలేలా పెడితే నల్లబడుతుంది. చెక్క గరిటెలు, రాతిచిప్పలు, మట్టికుండలు, కుక్కర్ రబ్బరు, విజిల్ బయటే ఉండాలి. మిక్సీ జార్లు చాలామంది పెట్టేస్తారు. బ్లేడు కింది బుష్‌లోకి వేడినీళ్లు, డిటర్జెంట్ దిగి గ్రీజును కడిగేస్తాయి, కొన్నాళ్లకు అడుగు నుంచి చట్నీ కారుతుంది. మూత ఒక్కటే పెట్టండి. ప్లాస్టిక్ డబ్బాలకు పట్టిన పసుపు మరక ఏ వాష్‌కూ పూర్తిగా పోదు, ఎండలో పెడితే వెలుస్తుంది.

రోజువారీ జిడ్డుకు 60, 65 డిగ్రీల వాష్, మాంసం వండిన మూకుళ్లకు 70 డిగ్రీలది వాడతాను. ఎకో వాష్ మూడు గంటలకు పైగా నడుస్తుంది గానీ నీళ్లు 10 లీటర్లకు అటూ ఇటూ, కరెంటు ఒక యూనిట్ దరిదాపుల్లోనే అవుతుంది. అయ్యాక తలుపు బెత్తెడు తీసి వదిలితే స్టీలు త్వరగా ఆరుతుంది. ప్లాస్టిక్ వేడి నిలుపుకోదు, తడిగానే ఉంటుంది. ముందు కింది అర ఖాళీ చేయాలి, లేదంటే పై గ్లాసుల అడుగున నిలిచిన నీళ్లు ఆరిన కంచాల మీద పడతాయి.

ఫిల్టర్ వారానికోసారైనా తీయాలి. ఎడమవైపు తిప్పితే గొట్టం పైకొస్తుంది, దాని కింద జల్లెడ రేకు ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో కుళాయి కింద కడిగి, తిరిగి పెట్టి లాక్ పడేదాకా తిప్పాలి. సరిగ్గా కూర్చోకపోతే ఆవాలు లోపలికి వెళ్లి రెక్కల రంధ్రాల్లో ఇరుక్కుంటాయి. నెలకోసారి రెక్కలు ఊడదీసి రంధ్రాలను టూత్‌పిక్‌తో పొడిచి, నీళ్లు పోసి ఊపితే గింజలు రాలతాయి. తలుపు అడుగు అంచుకు ధార తగలదు, జిడ్డు పేరుకుని వాసనొచ్చేది అక్కడి నుంచే. తడిగుడ్డతో తుడవాలి. రెండు మూడు నెలలకోసారి సున్నం కరిగించే డిస్కేలర్ గానీ, 50 గ్రాముల నిమ్మ ఉప్పు గానీ వేసి, అంట్లూ డిటర్జెంటూ లేకుండా వేడి వాష్ నడుపుతాను. వెనిగర్ తరచుగా వాడితే రబ్బరు భాగాలు పాడవుతాయి.

గ్లాసులు మసకబారితే నిమ్మచెక్కతో ఒకచోట రుద్ది చూడండి. మసక పోయిందంటే అది సున్నం: ఉప్పు అయిపోయి ఉండాలి, లేదా స్థాయి తక్కువ పెట్టి ఉండాలి. పోలేదంటే గాజే కోసుకుపోయిందన్నమాట, సాఫ్ట్‌నర్ స్థాయి అవసరానికి మించి పెట్టినా, డిటర్జెంట్ ఎక్కువైనా, వేడి ఎక్కువైనా ఇలా అవుతుంది. పోయిన ఆ మెరుపు మళ్లీ రాదు. అడుగున నీళ్లు నిలిస్తే ముందు ఫిల్టర్, తర్వాత వేస్ట్ పైపు మడత, ఆ తర్వాత ఫిల్టర్ గుంతలోని పంపు మూత చూడాలి. ప్లగ్ తీసేసి, నీళ్లు తోడి, మూత లేపితే చింతగింజో గాజుపెంకో దొరుకుతుంది. పెంకు కోసే ప్రమాదముంది, చేతికి గ్లౌజు వేసుకోవాలి. నీళ్లే ఎక్కకపోతే కుళాయి కట్టి పైపు విప్పండి, మర దగ్గరి చిన్న జల్లెడలో ఇసుక పట్టి ఉంటుంది.

వెనకాల వెచ్చగా ఉంటుంది కాబట్టి బొద్దింకలు చేరతాయి, ఎలుకలుంటే పైపులు కొరుకుతాయి. అడుగుకు జాలీ బిగించి, గోడలోని పైపు రంధ్రాలు మూయించాలి. నాలుగు రోజులకు మించి ఊరెళ్తే అంట్లు లోపల ఉంచకుండా ఒక వాష్ పూర్తి చేసి, ఫిల్టర్ కడిగి, కుళాయి కట్టేసి, ప్లగ్ తీసి, తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి.