సగం చెరిగిన మాటలు

యోషితోకి ఓయిమా అనే రచయిత్రి మాంగా (జపాన్ బొమ్మల కథ) 'ఎ సైలెంట్ వాయిస్' ఏడు సంపుటాలూ చదవడం ముగించాను. ఇంకా దాని గురించే ఆలోచిస్తున్నాను.

2013-14లో జపాన్‌లో ఒక వారపత్రికలో ధారావాహికగా వచ్చిన కథ ఇది. వినికిడి లోపం ఉన్న షోకోను ఆరో తరగతిలో షోయా అనే అబ్బాయి ఏడిపిస్తాడు, ఆమె వినికిడి యంత్రాలను లాగి పారేస్తాడు. విషయం పెద్దదయ్యాక, నిన్నటిదాకా అతనితో కలిసి నవ్వినవాళ్లే తప్పంతా అతనిపైకి నెట్టేస్తారు. ఉపాధ్యాయుడు కూడా! ఏడిపించడం కన్నా ఈ నెట్టేయడమే నన్ను ఎక్కువ కలచివేసింది.

హైస్కూలుకు వచ్చేసరికి షోయా ఎవరి ముఖమూ చూడలేడు. అతనికి కనిపించే ముఖాల మీద పెద్ద ఇంటూ గుర్తులు ఉంటాయి. ఎవరైనా దగ్గరైతే ఆ గుర్తు ఊడిపడుతుంది. ఒంటరితనాన్ని ఇంత సూటిగా బొమ్మలో చూపించడం నేనెక్కడా చూడలేదు. చనిపోవాలనుకుని, ఆ యంత్రాల కోసం తన తల్లి పరిహారంగా కట్టిన డబ్బంతా సంపాదించి ఆమె దగ్గర పెట్టి వెళ్తాడు. అది తెలిసిన తల్లి అతన్ని నిలదీసే పేజీల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

షోకో వైపు నుంచి సాగే అధ్యాయం మరీ గొప్పది. ఇతరుల మాటల్లో అక్షరాలు సగం చెరిగి ఉంటాయి. ఆమెకు అందినంతే మనకూ అందుతుంది. ఆమె చిరునవ్వు వెనుక ఎంత ఆత్మనింద ఉందో, అది ఆమెను ఎంతటి నిర్ణయానికి నెట్టిందో అప్పటికి అర్థమవుతుంది.

వాళ్లతో ఆరో తరగతి చదివిన ఉయెనో అనే అమ్మాయి మాత్రం చివరిదాకా షోకోతో పూర్తిగా కలిసిపోదు. రచయిత్రి ఆమెను బలవంతంగా మంచిదాన్ని చేయకపోవడం నాకెంతో నచ్చింది.